నిషాత్ బాగ్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో కొండ మెట్ల తోట చూడగలమా?

మర్రిగూడ_మాధవి | ఫిబ్రవరి 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో అమ్మను కశ్మీర్ తీసుకెళ్లాలని అనుకుంటున్నాం. అమ్మకు 66 ఏళ్లు. పుట్టింది, మెట్టింది మర్రిగూడ మండలంలోనే. మా వైపు నీళ్ల సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె నడుమునూ మోకాళ్లనూ బిగించేసింది. కృష్ణా నీళ్లు మా ఇంటి నల్లాలోకి వచ్చేనాటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. చేతికర్రతో నడుస్తుంది. నేల మీద కూర్చోలేదు. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ కష్టం.

టీవీలో శ్రీనగర్‌లోని మొఘల్ తోట నిషాత్ బాగ్ చూసి, "కొండ మీది నుంచి నీళ్లు వాటంతట అవే మెట్లు దిగి వస్తున్నాయి కదే, అక్కడికి తీసుకెళ్లు" అంది. నాకు తెలిసి ఫలానా చోటికి వెళదామని ఆమె నోరు తెరిచి అడగడం ఇదే. అందుకే ఆ కోరిక ఎలాగైనా తీర్చాలని ఉంది. కానీ అది పన్నెండు అంతస్తుల తోట అని చదివాను. అమ్మ ఎంతవరకు వెళ్లగలదు? అక్కడి మరో మొఘల్ తోట షాలిమార్ అయితే తేలికా? వెళ్లి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పండి.

హాలియా_శ్రీను | ఫిబ్రవరి 9, రాత్రి 10:03

అక్కా, ఏప్రిల్ అంటే ట్యూలిప్ తోట చూడండి, చాలు. జబర్వాన్ కొండ పాదం దగ్గర ఏడు అంతస్తుల్లో ఉంటుంది, దాదాపు 74 ఎకరాలు. 2007లో తెరిచారు. మార్చి చివరి నుంచి ఏప్రిల్‌లో కొద్ది వారాలే ఆ పూలు ఉంటాయి, తర్వాత దొరకవు. మొఘల్ తోటలన్నీ నాకు ఒకేలా అనిపించాయి. మధ్యలో కాలువ, రెండు పక్కలా పచ్చిక, చుట్టూ చెట్లు. మేము మూడు తోటలూ ఒక్క పూటలో చూసి వచ్చాం.

కొల్లాపూర్_అక్క | ఫిబ్రవరి 10, ఉదయం 6:48

శ్రీనూ, మూడు తోటలు ఒక్క పూటలో తిరిగితే ఎవరికైనా ఒకేలా కనిపిస్తాయి. మమ్మల్నీ ఒక టూర్ సంస్థ అలాగే తిప్పింది. బస్సు ఆపి అరగంట ఇచ్చారు. కశ్మీరీ దుస్తులు అద్దెకిచ్చి ఫొటోలు తీసేవాళ్ల దగ్గరే ఆ అరగంటా అయిపోయింది. మా అత్తమ్మ, మామయ్య కాలువ దాకా వచ్చే లోపే బస్సు హారన్ కొట్టారు. అంత దూరం డబ్బు పెట్టి తీసుకెళ్లి పెద్దవాళ్లను అలా పరుగులు పెట్టించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మరుసటి రోజు ఆటో మాట్లాడుకుని మా అంతట మేమే మళ్లీ వెళ్లాం. తోట చూడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మాధవీ, నువ్వు అడిగినదానికి వస్తాను. షాలిమార్ వాలు చాలా మెల్లనిది. అంతస్తులు మూడే, ఒక్కొక్కటీ విశాలంగా ఉంటుంది, ఒకదాని నుంచి మరోదానికి మెట్లు కొద్దిగానే. నిషాత్ అలా కాదు. దాల్ సరస్సు ఒడ్డు రోడ్డు మీదే వాకిలి ఉంటుంది. అక్కడి నుంచి కొండ వైపు ఎక్కుతూ పోవడమే. ప్రతి అంతస్తుకూ రాతిమెట్లు ఉన్నాయి. చష్మే షాహీ వీటన్నింటిలో చిన్న తోట. చిన్నదే కదా అని అమ్మను ముందు అక్కడికి తీసుకెళ్లకు, అక్కడ మొదట్లోనే ఎక్కాల్సి వస్తుంది. పరీ మహల్ అనే మరో మొఘల్ తోటకు కారు కొండ మీది దాకా వెళుతుంది, సరస్సు మొత్తం కళ్ల ముందు ఉంటుంది.

ముందు షాలిమార్‌కు వెళ్లండి. అమ్మ నడక ఎలా ఉందో చూసుకుని మరో రోజు నిషాత్ పెట్టుకోండి. నిషాత్‌కు సాయంత్రం మంచిది. తోట సరస్సుకు తూర్పు ఒడ్డున ఉంది, కొండ దాని వెనక ఉంది. పొద్దుటిపూట కొండ నీడ ఉంటుంది. సాయంత్రం ఎండ నీళ్ల మీదుగా వచ్చి తోట మొత్తం మీద పడుతుంది. ఇంకో మాట. కింది మూడు నాలుగు అంతస్తుల్లోనే ఆ తోట అందం సగానికి పైగా ఉంది. పై దాకా ఎక్కలేదన్న దిగులు అమ్మకు రానివ్వకు.

పాలమూరు_పంతులు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:20

సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ విషయం మీద కొంచెం ఎక్కువే రాస్తాను. ఓపికతో చదవండి.

అక్బర్ సేనలు కశ్మీర్‌ను 1586లో గెలిచాయి. ఆ నేల మీద మనసు పారేసుకున్నవాడు మాత్రం ఆయన కొడుకు జహంగీర్. 1619లో షాలిమార్ తోట మొదలుపెట్టించాడు. షాజహాన్ కాలంలో, 1630 ప్రాంతంలో, కశ్మీర్ సుబేదారు, అంటే పాలనాధికారి, జఫర్ ఖాన్ దాన్ని పెంచాడు. అది రాచతోట. అందుకే అందులో కొలువు ఉంది. మొదటి అంతస్తు ప్రజలు రాజును చూసే దివాన్-ఎ-ఆమ్, రెండోది ముఖ్యులకు దివాన్-ఎ-ఖాస్, పైది రాణివాసానిది. ఆ పై తోట మధ్యలో, నీళ్ల నడుమ, నల్లరాతి మండపం ఉంది. తప్పకుండా చూడండి.

నిషాత్ చక్రవర్తి కట్టించిన తోట కాదు. 1633లో ఆసిఫ్ ఖాన్ కట్టించాడు. ఆయన నూర్జహాన్‌కు అన్న, ముంతాజ్ మహల్‌కు తండ్రి, అంటే షాజహాన్‌కు పిల్లనిచ్చిన మామ. మంత్రి తోటలో రాజు కొలువుకు చోటు అవసరం లేదు కనుక కట్టేవాడికి స్వేచ్ఛ దొరికింది. కొండను పన్నెండు మెట్లుగా మలిచాడు. పన్నెండు రాశులకు పన్నెండు అని చెబుతారు. తోట పొడవు 548 మీటర్లు, వెడల్పు 338 మీటర్లు. అన్నింటికంటే పైది స్త్రీల తోట. దాని ముందు 18 అడుగుల ఎత్తున రాతి గోడ, గోడ నిండా కమానులు.

వెళ్లినవాళ్లు లెక్కపెట్టి పన్నెండు రావడం లేదని గొడవపడుతూ ఉంటారు. ఒకప్పుడు తోట సరస్సు నీళ్ల దాకా దిగేది, జనం పడవల్లో వచ్చి తోట అడుగున దిగేవారు. తర్వాత ఒడ్డు వెంబడి రోడ్డు వేసినప్పుడు అడుగు భాగం తోట నుంచి విడిపోయింది. కాబట్టి ఈరోజు రోడ్డు మీద దిగి లోపలికి నడిచేవారు తోట అసలు మొదలును చూడటం లేదు. వీలుంటే ఒక్కసారి శికారాలో సరస్సు వైపు నుంచి తోటను చూడండి మాధవి గారూ. పడవలో అమ్మకు మెట్ల బాధ ఉండదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం ఇద్దరు పట్టుకోవాలి.

సూర్యాపేట_సలీం | ఫిబ్రవరి 10, రాత్రి 8:31

పంతులు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను.

ఈ వంశానికి తోట పిచ్చి బాబర్ నుంచి వచ్చింది. ఫర్గానాలో పుట్టి కాబూల్‌లో పెరిగిన రుచి ఆయనది. హిందుస్తాన్‌కు వచ్చాక ఎండ, దుమ్ము, పారే నీళ్లు లేకపోవడం గురించి తన స్మృతుల్లో వాపోయాడు. ఆగ్రాలో బావులు తవ్వించి, నీళ్లు తోడించి తోటలు వేశాడు. ఆ తోటల పద్ధతి చార్‌బాగ్. చదునైన నేలను రెండు కాలువలతో నాలుగు భాగాలు చేసి, కలిసేచోట కొలను గానీ మండపం గానీ పెడతారు. కశ్మీర్‌లో ఆ లెక్క కుదరలేదు. అక్కడ నీటి బుగ్గ కొండ మీద ఉంది, నేల ఒక్క వైపే వాలి ఉంది, నీళ్లు నాలుగు దిక్కులా పోవు. అందువల్ల అడ్డంగా పోయే కాలువకు ప్రాధాన్యం తగ్గింది, కొండ నుంచి సరస్సుకు దిగే ఒక్క కాలువే తోటకు వెన్నెముక అయ్యింది. నిషాత్‌లో అడుగుపెట్టగానే కళ్లు నేరుగా పైకి పోవడానికి కారణం అదే.

షాలిమార్‌లో జలపాతాల వెనక గోడలో చిన్నచిన్న గూళ్లు కనిపిస్తాయి. వాటిని చీనీఖానా అంటారు. పగలు పూలు, రాత్రి నూనె దీపాలు పెట్టేవారట. నీళ్ల తెర వెనక దీపం వెలగడం ఊహించుకోండి. ఇప్పుడు అవి ఖాళీగా ఉంటాయి కాబట్టి చాలామంది చూడకుండానే దాటిపోతారు.

మరో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో షాలిమార్ అని వెతికితే లాహోర్ తోట బొమ్మలూ వస్తాయి. అది షాజహాన్ 1641లో మొదలుపెట్టించిన వేరే తోట. రెండూ మెట్ల తోటలే, పేరూ ఒకటే. ఆ బొమ్మలు చూసి మెట్లు లెక్కపెట్టుకోకండి.

నీరటి_మనుమడు | ఫిబ్రవరి 11, ఉదయం 5:55

మా తాత నీరటి. వనపర్తి సంస్థానం కాలం నాటి చెరువు కింద తూము తీయడం, మూయడం, కాలువ పూడిక చూడటం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో పంచడం ఆయన పని. ఆయన వెనక కట్ట మీద తిరిగి పెరిగాను. అందుకే నిషాత్‌కు వెళ్లినప్పుడు పూల కంటే ముందు నా కళ్లు కాలువ మీద పడ్డాయి.

మాధవక్కా, మీ అమ్మ గారు టీవీలో చూసి అన్న మాటే ఆ తోటకు ప్రాణం. నీళ్లు వాటంతట అవే దిగుతాయి. అక్కడి మనిషి చేసిందల్లా వాటికి దారి చూపడం. ప్రధాన కాలువ వెడల్పు దాదాపు 4 మీటర్లు, లోతు జానెడు, అంటే 20 సెంటీమీటర్లు. నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. అంత వెడల్పు కాలువలో నీళ్లు నిండుగా, ఆకాశం కనిపించేలా ఉంటాయి. తీరా చూస్తే జానెడే. నీళ్లు ఎక్కువగా ఉండి కట్టిన తోట కాదు అది. ఉన్న కొద్దిపాటి నీటిని పరిచి, దూకించి, ఆపి, మళ్లీ పరిచి, పన్నెండు చోట్ల పన్నెండు రకాలుగా చూపించిన తోట.

ఒక అంతస్తు నుంచి కింది అంతస్తుకు నీళ్లు దిగేచోట ఏటవాలు రాతిపలకలు ఉంటాయి. వాటిని చాదర్ అంటారు. నున్నటి రాయి మీద పల్చటి నీళ్లు జారితే కంటికి కనిపించవు, చెవికి వినిపించవు. అందుకని ఆ పలకల మీద అలలు చెక్కారు. నీళ్లు ప్రతి గీతకూ తగిలి చిట్లుతాయి, తెల్లగా నురగ కడతాయి, చప్పుడు చేస్తాయి. గుప్పెడు నీళ్లు సెలయేరంత సందడి చేస్తాయి. దగ్గరికి వెళ్లి ఆ చెక్కడం చూడండి.

ఇక ఆ తోట గురించి అందరూ చెప్పే కథ ఒకటి ఉంది. షాజహాన్ తోట చూసి మెచ్చుకున్నాడట. ఒకసారి కాదు, మూడుసార్లు. మెచ్చుకుంటే మామ తనకు కానుకగా ఇస్తాడని ఆశ. ఆసిఫ్ ఖాన్ ఆ మాట ఎత్తలేదు. నిషాత్‌కు నీళ్లు వచ్చే వాగే షాలిమార్‌కూ నీళ్లిచ్చేది. చక్రవర్తికి కోపం వచ్చి నిషాత్‌కు నీళ్లు ఆపమన్నాడు. కాలువ ఎండింది, తోట మూగబోయింది. ఆసిఫ్ ఖాన్ దిగులుగా చెట్టు కింద కూలబడి నిద్రపోతే, యజమాని బాధ చూడలేక ఒక సేవకుడు వెళ్లి నీళ్లు వదిలాడు. నీళ్ల చప్పుడుకు లేచిన ఆసిఫ్ ఖాన్, చక్రవర్తికి తెలిస్తే వాడి తల పోతుందని భయపడి ఆపేయమన్నాడు. సేవకుడు వినలేదు. సంగతి షాజహాన్ దాకా వెళ్లింది. ఆయన శిక్షించలేదు, వాడి విశ్వాసాన్ని మెచ్చి నిషాత్‌కు నీళ్ల హక్కు రాసి ఇచ్చాడు.

గైడ్లు దీన్ని మామా అల్లుళ్ల కథగా చెబుతారు. నాకు మాత్రం అది ఆ సేవకుడి కథ. రాజు పేరు ఉంది, మంత్రి పేరు ఉంది, నీళ్లు వదిలినవాడి పేరు ఎవరూ చెప్పరు. ఆజ్ఞ ఎంత పెద్ద కోట నుంచి వచ్చినా చివరికి తూము దగ్గర ఒక మనిషి నిలబడాలి. వాడు మన నీరటి లాంటివాడు. ఎండిన కాలువ చూస్తూ చేతులు కట్టుకుని ఉండటం వాడికి చేతకాదు.

హాలియా_శ్రీను | ఫిబ్రవరి 11, ఉదయం 9:40

అన్నా, చాలా బాగా చెప్పారు. ఒక సందేహం. నీళ్లు కిందికి దిగడం అర్థమైంది. మరి ఆ రోజుల్లో మోటారు లేకుండా ఫౌంటెన్ పైకి ఎలా చిమ్మేది?

నీరటి_మనుమడు | ఫిబ్రవరి 11, ఉదయం 10:15

మంచి ప్రశ్న తమ్ముడూ. పై అంతస్తులో నీటిమట్టం ఎత్తుగా ఉంటుంది కదా. అక్కడి నుంచి మూసిన గొట్టంలో నీళ్లను కింది అంతస్తుకు దింపి, గొట్టం చివర సన్నటి మూతి పైకి తిప్పి పెడతారు. నీళ్లు తాము బయల్దేరిన మట్టం దాకా లేవాలని చూస్తాయి. గొట్టంలో రాపిడి వల్ల, గాలి వల్ల అంత ఎత్తుకు చేరవు, కొంచెం తగ్గుతాయి. కాబట్టి ఫౌంటెన్ ఎంత ఎత్తు లేవాలన్నది దాని పై అంతస్తు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అంతస్తులు అందం కోసం మాత్రమే కట్టలేదు, ఒత్తిడి పుట్టేదీ వాటి వల్లే. చదునైన నేల మీద ఇదే చేయాలంటే ఎత్తైన తొట్టి కట్టి, దానిలోకి నీళ్లు తోడి పోయాలి. గోల్కొండలో కటోరా హౌజ్ అనే చెరువు నుంచి అంచెలంచెలుగా కోట పైకి నీళ్లు తోడింది ఆ అవసరం వల్లే.

నల్లగొండ_ఫిజియో | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:05

మాధవి గారూ, అమ్మ గారి మోకాళ్ల గురించి నేను చెబుతాను. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లను రోజూ చూస్తున్నాను. సాధారణ కీళ్ల అరుగుదలకూ దీనికీ తేడా ఉంది. వెన్ను, తుంటి కూడా బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఒళ్లు తూలితే సర్దుకోవడం వాళ్లకు కష్టం. అందువల్ల నొప్పి కంటే ముందు పడిపోకుండా చూడాలి.

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు, కర్ర ముందు దించి, తర్వాత బాగున్న కాలు. కర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు. ఇప్పటి నుంచే ఇంటి మెట్ల మీద రోజూ కాసేపు అలవాటు చేయించండి. మోకాలి మీద భారం ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ. నిషాత్‌లో ఇది ముఖ్యం. ఎక్కేది మొదట, దిగేది అలసిపోయాక. "ఇంకో అంతస్తు ఎక్కగలను" అని అమ్మ గారు అన్నప్పుడే ఆగిపోండి. ఆ మిగిలిన శక్తి దిగడానికి కావాలి. నీళ్ల తుంపర పడే రాతిమెట్ల దగ్గర పక్కకు తప్పుకోండి. రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి, చెప్పులు వద్దు. కర్ర కొనకు కొత్త రబ్బరు తొడుగు వేయించండి.

శ్రీనగర్ ఎత్తు సుమారు 1,585 మీటర్లు. ఊపిరి ఆడని ఎత్తు కాదు. ఏప్రిల్ సాయంత్రాలు మాత్రం మనకు బాగా చలి. చలికి కీళ్లు ఇంకా బిగుస్తాయి, మోకాళ్లకు ఉన్ని తొడుగులు ఉంచండి.

షాద్‌నగర్_రాజేశ్వరి | ఫిబ్రవరి 11, సాయంత్రం 6:30

కశ్మీర్ మరీ దూరం అనిపిస్తే చండీగఢ్ దగ్గర పింజోర్ తోట ఉంది. ఔరంగజేబు కాలంలో ఫిదాయీ ఖాన్ కట్టించాడు. తర్వాత పటియాలా రాజులు బాగుచేశారు, యాదవీంద్ర తోట అని ఇప్పటి పేరు. ఏడు అంతస్తులు. ఢిల్లీ నుంచి చండీగఢ్‌కు రైళ్లు బాగా ఉన్నాయి.

నల్లగొండ_ఫిజియో | ఫిబ్రవరి 11, సాయంత్రం 7:02

పింజోర్ మంచి తోటే. కానీ అక్కడ వాకిలి పై అంతస్తులో ఉంటుంది. తోట మనకు కిందికి దిగుతూ పోతుంది, తిరిగి రావాలంటే ఎక్కాలి. దిగడమే కష్టమైన మనిషికి మొదటి అడుగు నుంచే కష్టం మొదలవుతుంది. నిషాత్‌లో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి వెనక్కి తిరగవచ్చు.

నీరటి_మనుమడు | ఫిబ్రవరి 11, సాయంత్రం 7:26

పింజోర్‌లో నీళ్లు మనతోపాటు నడుస్తాయి, నిషాత్‌లో మనకు ఎదురొస్తాయి. మీ అమ్మ గారు చూడాలనుకున్నది ఎదురొచ్చే నీళ్లనే కదా అక్కా. దూరమైనా నిషాత్‌కే వెళ్లండి.

నిర్వాహకురాలు | ఫిబ్రవరి 12, ఉదయం 8:00

ఇదే విషయం మీద మరో చర్చలో వచ్చిన ప్రయాణ సూచనలను ఇక్కడ కలుపుతున్నాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఇంట్లో కనీసం ఒక ఫోన్‌నైనా ముందే మార్పించుకోండి. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ నుంచి వందే భారత్ రైలు నడుస్తోంది, సుమారు 3 గంటల ప్రయాణం. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన ఆ దారిలోనే వస్తుంది. పాలమూరు వాళ్లకు మహబూబ్‌నగర్ మీదుగా నిజాముద్దీన్ వెళ్లే సంపర్క్ క్రాంతి ఉంది. నల్లగొండ వాళ్లు సికింద్రాబాద్ వెళ్లి ఎక్కడం నయం. బయల్దేరే ముందు ఏ ప్రదేశాలు తెరిచి ఉన్నాయో అక్కడి పర్యాటక శాఖ ప్రకటన చూసుకోండి.

పాలమూరు_పంతులు | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:45

చినార్ చెట్ల గురించి ఎవరూ రాయలేదు. ఆ తోటల్లోని కొన్ని చినార్లు శతాబ్దాల నాటివి. వాటి మాను చుట్టూ నలుగురు చేతులు కలిపినా అందదు. ఏప్రిల్‌లో లేత ఆకు వేస్తూ ఉంటాయి. అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా ఎర్రబారతాయి. కశ్మీర్‌లో అనుమతి లేకుండా చినార్‌ను కొట్టకూడదన్న చట్టం ఉంది.

చట్టం ఉన్నా వాటి బెరడు మీద పేర్లు చెక్కేవాళ్లు ఉన్నారు. ఇది రాస్తుంటే మా పిల్లలమర్రి గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. మూడు ఎకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రికి మేమే, మా ఊరివాళ్లమే, ఊడలు పట్టుకుని ఊగి, కొమ్మల మీద కూర్చుని, పేర్లు చెక్కి చేటు తెచ్చాం. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2017 చివర్లో సందర్శకులను ఆపారు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, సన్నటి గొట్టాలతో మానులోకి మందు ఎక్కించారు. ఆసుపత్రి మంచం మీది మనిషికి చేసినట్టు ఒక చెట్టుకు చేయడం నా కళ్లతో చూశాను. అందుకే ఏ పాత తోటకు వెళ్లే మన పిల్లలకైనా ముందుగా ఒక్కటే చెబుతాను. చేత్తో తాకండి, గోటితో కూడా గీకకండి. కాలువలో దిగి ఫొటోలు తీసుకోవద్దు. నాలుగు వందల ఏళ్లు నీళ్లకు తట్టుకున్న రాతి చెక్కడం బూటు మడమలకు తట్టుకోవాలని లేదు.

మర్రిగూడ_మాధవి | ఫిబ్రవరి 12, రాత్రి 9:50

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. నీళ్లు వదిలినవాడి కథ అమ్మకు చదివి వినిపించాను. "వాడి పిల్లలు బాగుండాలి" అంది. టికెట్లు తీసుకుంటున్నాం. ఇంటి మెట్ల మీద కర్రతో సాధన రేపటి నుంచి.

మర్రిగూడ_మాధవి | ఏప్రిల్ 27, రాత్రి 8:15

వెళ్లి వచ్చాం. వెళ్లబోయేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

షాలిమార్ అమ్మ మొత్తం నడిచింది, చివరి నల్లరాతి మండపం దాకా. కొల్లాపూర్ అక్క చెప్పినట్టు వాలు మెల్లగా ఉంది, కూర్చోవడానికి చోట్లు ఉన్నాయి. సలీం గారు చెప్పిన చీనీఖానా గూళ్లు వెతికి చూశాం. ఆ నీళ్ల తెర వెనక దీపాలు ఇప్పుడూ పెడితే ఎంత బాగుండునో.

నిషాత్‌కు సాయంత్రం వెళ్లాం. మొదటి చాదర్ దగ్గరే అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. నీళ్లు ఎదురుగా దిగి వస్తుంటే చూస్తూ, కర్ర నాకిచ్చి, పక్క గట్టు పట్టుకుని చేయి కాలువలో పెట్టింది. "ఇంత పారుతున్నాయి కానీ జానెడే ఉన్నాయి" అని తనే అంది. నీరటి తమ్ముడు రాసిన కొలతలు నేను ఆమెకు చెప్పలేదు. ఇన్నేళ్లు బిందె లోతుతో నీళ్లను కొలిచిన చేయి కదా.

నాలుగో అంతస్తు దగ్గర "ఇంకోటి ఎక్కుతా" అంది. ఫిజియో గారి మాట గుర్తుంచుకుని అక్కడే ఆపాను. నేల మీద కూర్చోలేని అమ్మకు కాలువ పక్కన ఉన్న రాతి అరుగు సరిగ్గా కుదిరింది. నన్ను మాత్రం పై దాకా వెళ్లి చూసి రమ్మని పట్టుబట్టింది. స్త్రీల తోట గోడ కింద నిలబడితే పద్దెనిమిది అడుగులంటే ఏమిటో తెలుస్తుంది. గోడ పైకి ఎక్కి వెనక్కి తిరిగితే తోట, రోడ్డు, సరస్సు, దూరంగా మంచు కొండలు, అన్నీ ఒక్క గీతలో కనిపిస్తాయి. అమ్మ కూర్చున్న చోటు కూడా కనిపించింది. తోటమాలితో మాట్లాడుతోంది.

అమ్మకు మన వైపు ఉర్దూ కొంత వచ్చు. దాంతోనే ఆయనను అన్నీ అడిగింది. పై కాలువలో ఆకులు అడ్డుపడితే ఎవరు తీస్తారు, రాత్రి కూడా పారుతాయా, కింద ఎక్కడికి పోతాయి. ఆకులు తీసే పని తమదేనని, కింద సరస్సులో కలుస్తాయని ఆయన చెప్పాడు. "సరస్సులోకి పోయేముందు ఒక మడికైనా పెట్టుకోరా?" అని అమ్మ అడిగితే ఆయన నవ్వి, పూల మళ్లకు నీళ్లు మళ్లించే పక్క కాలువ చూపించాడు. అది చూశాక అమ్మకు తృప్తి కలిగింది. పూల పేర్లు ఒక్కటీ అడగలేదు.

ట్యూలిప్ తోట కూడా చూశాం శ్రీనూ. నిజంగా కన్నుల పండుగే. చాలా భాగం చదును దారులు కాబట్టి అమ్మకు తేలికగా ఉంది. కానీ ఇంటికి వచ్చాక ఇరుగుపొరుగుకు ఆమె చెబుతున్నది నిషాత్ కాలువ గురించే.

ఒక ఇబ్బంది. దిగేటప్పుడు మెట్లకు పట్టుకోవడానికి చేతికమ్మి లేని చోట్ల చాలా భయం వేసింది. ఒక పక్క నేను, ఇంకో పక్క అన్నయ్య పట్టుకుని దించాం. ఒక్కరే తోడు ఉంటే కింది రెండు అంతస్తుల దగ్గరే ఆగిపోండి.

కొల్లాపూర్_అక్క | ఏప్రిల్ 28, ఉదయం 6:20

పొద్దున్నే చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. మడికి పెట్టుకోరా అని అడిగిన ఆ తల్లికి నా నమస్కారాలు చెప్పు మాధవీ.

హాలియా_శ్రీను | ఏప్రిల్ 28, ఉదయం 11:34

అక్కా, చాలా సంతోషం. అక్టోబరు చివర్లో చినార్లు ఎర్రబారే సమయానికి మా నాన్నను తీసుకెళ్లాలని ఉంది. నాన్నకు ఆయాసం ఉంది, ఎక్కడం అసలు వద్దన్నారు. ఎక్కకుండా నీళ్లు చూడగలిగే పాత తోట ఏదైనా ఉందా పంతులు గారూ?

పాలమూరు_పంతులు | ఏప్రిల్ 28, సాయంత్రం 4:10

వేరినాగ్ తీసుకెళ్లు నాయనా. శ్రీనగర్ నుంచి దక్షిణంగా సుమారు 78 కిలోమీటర్లు, బనిహాల్ కనుమ కింద ఉంది. జీలం నది పుట్టే బుగ్గ అదే. జహంగీర్ 1620లో ఆ బుగ్గ చుట్టూ ఎనిమిది పలకల రాతి కొలను కట్టించాడు, షాజహాన్ కాలంలో తోట, కాలువ చేరాయి. కొలనులో నీళ్లు నీలంగా, కదలిక లేనట్టు ఉంటాయి, చేపలు గుంపులుగా తిరుగుతాయి. కొలను అంచు నుంచే మూడు వందల మీటర్ల కాలువ తోట మధ్య నేరుగా పోతుంది. నిషాత్‌లా నిటారు అంతస్తులు లేవు. నాన్నగారు నీడలో కూర్చుని చూడవచ్చు. డాక్టరును అడిగి, దారిలో చలిగాలి తగలకుండా మఫ్లరు కట్టించి తీసుకెళ్లు. ఆ వైపే అచ్ఛబల్ తోట కూడా ఉంది. అక్కడ బుగ్గ నీళ్లు జలపాతంగా దూకుతాయి. ఓపిక ఉంటే రెండూ, లేకపోతే వేరినాగ్ ఒక్కటే పెట్టుకోండి.